దుప్పటికి అటు చివర

మా అమ్మ డాన్సరు కాదు. కూరగాయల కొట్లోనూ, బస్సులోనూ, ఆఖరికి పళ్ల డాక్టరు గదిలో నేను నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు కూడా "మీ అమ్మగారు డాన్సరట కదా" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. ఒకసారి గట్టిగా చెప్పేస్తే నా గొంతుకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఆవిడ హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టింది, ఇప్పటికీ అదే పని. అది కాక ఆవిడకి ఇంకో ఉద్యోగం ఉంది, భయపడటం. తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తుంది. గ్యాస్ కట్టేశానా లేదా అని బస్సులోంచి నాకు ఫోన్ చేస్తుంది, నేనేదో ఆ పొయ్యి పక్కనే కాపురం ఉంటున్నట్టు. అలాంటి మనిషిని స్టేజీ ఎక్కించారు. ఎక్కించడమే కాదు, ఇంకో మనిషి ప్రాణం ఆవిడ చేతుల్లో పెట్టారు.

ఆ లాండ్రీ హాస్పిటల్ అడుగు అంతస్తులో ఉంటుంది. కిటికీలు లేవు. ఒక పక్క ఉతికే మెషిన్లు, ఇంకో పక్క ఆరబెట్టే డ్రమ్ములు, మధ్యలో పొడుగాటి బల్ల. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ సరిగ్గా వినపడదు. దిండు గలీబులూ తువ్వాళ్లూ ఎవరికి వాళ్లు మడతపెట్టుకుంటారు గానీ, మంచం దుప్పటికి ఇద్దరు కావాలి. చెరో చివరా మూలలు పట్టుకుని బిగువుగా లాగి, ఒక్కసారి జాడించి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి, ఒకళ్ల చేతిలోని మూలలు ఇంకొకళ్లకి అందించాలి. అందించే మనిషి "పట్టు" అంటుంది. అందుకున్న మనిషి "వదులు" అంటుంది. అనగానే వదలకపోతే గుడ్డ బిగిసి గోరు లేచిపోతుంది. అందుకని అక్కడ పనిచేసేవాళ్ల వేళ్లు ఆ మాట వింటే చాలు, వాటంతటవే తెరుచుకుంటాయి. బుర్రదాకా వెళ్లి అనుమతి అడిగే తీరిక వాటికి ఉండదు.

దుప్పటికి అటు చివర మా పిన్ని ఉంటుంది. మా చిన్నాన్న భార్య, అమ్మకి తోడికోడలు. ఆ పనిలో ఆవిణ్ణి చేర్పించింది అమ్మే. ఒకే ఇంట్లో గోడకి ఇటు మేము, అటు వాళ్లు. ఇద్దరిదీ ఒకే పొడుగు కావడంతో మడత ఎక్కడా వంకర పోదు. మొదట్లో వాళ్లిద్దరూ ఆ హోరులో కూడా అరుచుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లట. ఆ అలవాటుతో ఇంట్లోనూ అరిచేవాళ్లు. వాళ్లు చెప్పుకునే రహస్యాలు వీధి వీధంతా వినేది.

ఆ అరుపులు ఆగిపోవడానికి కారణం మా తమ్ముడి పెళ్లి సంబంధం. తమ్ముడంటే పిన్ని కొడుకు. వాడికి ఒక సంబంధం ఖాయమయ్యేలా ఉన్న రోజుల్లో, అమ్మాయి తల్లి మా వైపుకొచ్చి కూర్చుని, మాటల మధ్యలో "అబ్బాయికి ఆరోగ్యం అదీ బాగానే ఉంటుందా అండీ" అని అడిగింది. ఇంకెవరైనా అయితే గుండ్రాయిలా ఉంటాడని చెప్పి టీ ఇచ్చి పంపేవాళ్లు. మా అమ్మకి అబద్ధం ఆడాలన్నా భయమే. "చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి, ఇప్పుడేం లేదు" అంది. సంబంధం తప్పిపోయింది. ఇప్పుడేం లేదు అన్న సగం మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

పిన్ని ఒంటికాలి మీద లేచింది, నానా మాటలూ అంది, తర్వాత అసలు మాట్లాడటమే మానేసింది. ఇల్లు మారలేదు, పనీ మారలేదు, జోడీని మార్చమని సూపర్‌వైజర్‌ని అడగనూ లేదు. నేనెందుకు పోవాలి అని ఆవిడ, నేనెందుకు అడగాలి అని ఈవిడ. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎదురెదురుగా నిలబడి, ఒకళ్ల చేతులు ఒకళ్లు చూసుకుంటూ, మొహాలు మాత్రం చూసుకోకుండా దుప్పట్లు మడతపెట్టేవాళ్లు. ఇద్దరి మధ్యా మిగిలిన మాటలు ఆ రెండే. పట్టు. వదులు.

ఈ పరిస్థితిలో డాన్సు మేడమ్ దిగింది. మా ఊళ్లో ఆవిడ పేరు చెబితే అప్పటికే రెండు పార్టీలు. పెద్ద పెద్ద స్టేజీల మీద ఆడి, అన్నీ వదిలేసి వచ్చి, టైర్ల కొట్టు పైన ఉన్న హాలు అద్దెకి తీసుకుని, ముందుగా బస్టాండు ఊడ్చేవాళ్లతో మా ఊరి థియేటర్లో ఒక డాన్సు చేయించింది. చీపుళ్లు లేకుండా ఊడ్చారు, అంతే. సంగీతం కూడా లేదు. ప్రేక్షకుల్లో కొంతమంది మధ్యలోనే లేచిపోయారు. "ఇది మా ఇంట్లో రోజూ ఉచితంగా చూస్తున్నాం" అన్నారు. నేనూ అదే అన్నాను, కాకపోతే మా ఇంట్లో ఉచితంగా ఊడ్చేది నేను గనక కాస్త గట్టిగా అన్నాను. కానీ ఆ ఊడ్చేవాళ్ల ఇళ్లనించి అమ్మలూ మొగుళ్లూ పిల్లలూ వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. ఆ థియేటర్లో అలాంటివాళ్లు కూర్చోవడం అదే మొదటిసారి. తర్వాత బస్టాండులో నాకు తెలిసిన ఒక పెద్దమనిషి చేతిలోని కాగితం కింద పడేయబోయి, అక్కడ వంగి ఊడుస్తున్న ఆవిడ నడుం చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పిల్లలకి డాన్సు నేర్పే మాస్టారు మాత్రం మేడమ్ మీద కారాలూ మిరియాలూ నూరేవాడు. ఆయన దగ్గర నేర్చుకునే పిల్లలు "ఆడుతున్నంతసేపూ ఎందుకు నవ్వాలి సార్" అని అడగడం మొదలెట్టారట.

మేడమ్ వాళ్ల నాన్నని మా హాస్పిటల్లో చేర్చారు. ఎక్స్‌రే గది వెతుక్కుంటూ ఆవిడ దారి తప్పి అడుగు అంతస్తుకి దిగి, అమ్మనీ పిన్నినీ చూసింది. చూసి, "అలాగే ఉండండి, ఒక్క నిమిషం అలాగే ఉండండి" అంది. ఎవరుంటారు? అక్కడ ట్రాలీలు నిండిపోతున్నాయి. వాళ్లు ఆగకపోతే ఆవిడే ఆగిపోయింది. షిఫ్టు అయ్యేదాకా గోడకానుకుని నిలబడింది. ఆ రోజు నించి లాండ్రీ వాళ్లు ఆవిడకి 'అలాగే మేడమ్' అని పేరు పెట్టేశారు.

"మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కానీ ఒకరి చేతులు ఒకరికి ఎంత బాగా తెలుసు! అది జనానికి చూపించాలి, చేస్తారా?" అని అడిగిందట. పిన్ని వెంటనే సరే అంది. పిన్ని సరే అంది కాబట్టి అమ్మా సరే అంది. నేను ఇంట్లో గొడవపడ్డాను. "నలుగురిలో నవ్వులపాలవుతారు, నీకిది అవసరమా" అన్నాను. అమ్మ దుప్పటి మూల వేలికి చుట్టుకుంటూ, "అక్కడ మెషిన్ల హోరు ఉండదు కదే. పక్కన నిలబడితే ఏదో ఒకటి మాట్లాడకపోతుందా" అంది.

రిహార్సల్స్‌కి నా స్కూటర్ మీద నేనే దింపేదాన్ని. మేడమ్ మొదట దుప్పటితో చేయించింది. తర్వాత దుప్పటి లేకుండా చేయించింది. అప్పుడు ఆ ఖాళీ గాల్లో కూడా వాళ్ల మధ్య ఏదో బిగువుగా ఉన్నట్టు కనిపించేది, అది ఒప్పుకోక తప్పదు. చివర్లో ఒక ముక్క పెట్టింది. ఇద్దరూ ఒకళ్ల మణికట్టు ఒకళ్లు పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలాలి. తర్వాత అమ్మ నిటారుగా నిలబడి కాచుకోవాలి, పిన్ని పూర్తిగా తల వెనక్కి వేలాడేసి తన బరువంతా అమ్మ చేతుల్లో వదిలెయ్యాలి.

కొత్తలో పిన్ని కర్రలా బిగుసుకుపోయేది. ఎవరు బిగుసుకోరు? మాటల్లేని మనిషి చేతుల్లో వెల్లకిలా వేలాడటమంటే మాటలా? ఒక రోజు మేడమ్ పక్కనే నిలబడి, మెల్లగా, జోలపాడుతున్నట్టు, పిన్ని భుజాల గురించి చెబుతోంది. "మెడ వదులు... భుజాలు వదులు... ఇంకా వదులు..." ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ ఆ మాట పొద్దున్నే చేసే వ్యాయామంతో సమానం. ఒళ్లు బిగించకు, సడలించు అని. పిన్ని నిజంగానే సడలింది. తల వెనక్కి వాలింది.

"వదులు," అంది మేడమ్.

అమ్మ వేళ్లు తెరుచుకున్నాయి.

పిన్ని వెనక్కి పడింది. పడుతూ చెయ్యి వెనక్కి పెట్టింది. ఆ చప్పుడు గురించి నేను రాయను. కింద టైర్ల కొట్లో సుత్తి దెబ్బలు ఆగిపోయాయి, ఎవరో పైకి పరిగెత్తుకొచ్చారు. అమ్మ చేతులు ముందుకి చాపి అలాగే నిలబడిపోయింది. మేడమ్ తేరుకుని అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

మణికట్టు విరిగింది. అమ్మ మడతపెట్టిన దుప్పటి మీదే పిన్నిని పడుకోబెట్టి పిండికట్టు వేశారు. చిన్నాన్న ఏమీ అనలేదు, ఆయన ఎప్పుడూ ఏమీ అనడు. తమ్ముడు మాత్రం హాస్పిటల్ వరండాలో అందరి ముందూ అడిగేశాడు. "ఆ రోజు నోరు జారింది. ఈ రోజు చెయ్యి జారిందా పెద్దమ్మా?"

అమ్మ తల దించుకుంది. నేను వాడి మీదికి వెళ్లాను. "మేడమ్ వదులు అంది, వదిలింది. లాండ్రీలో రోజంతా చేసేది అదేగా" అని అరిచాను. లాండ్రీ వాళ్లూ నాకు వంత పాడారు. వాళ్లకి ఆ సంగతి చెప్పక్కర్లేదు, వాళ్ల వేళ్లకే తెలుసు. కానీ మిగతా జనానికి ఎలా చెబుతాం? మనిషి ప్రాణం చేతిలో ఉంటే, ఎవరో వదులు అన్నారని వదిలేస్తారా? ఎడమొహం పెడమొహంగా ఉన్న తోడికోడళ్లు, ఒకరు పడేశారు, ఇంకొకరు పడ్డారు. కథ వినడానికి అలా ఉంటేనే బాగుంటుంది కాబట్టి ఊరు అలాగే వింది.

మేడమ్ ఆ మాట ఎక్కడ అడ్డం తిరిగిందో నా అరుపుల్లోనే మొదటిసారి విన్నది. గోడ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. "నాకు తట్టనే లేదు. ఒక మనిషి చేతుల్లో ఇంకో మనిషి ఉన్నప్పుడు ఆ మాట అనకూడదని నాకు తట్టలేదు," అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తిడదామని వెళ్లినదాన్ని నీళ్లిచ్చి వచ్చాను. ఆవిడ ఆ తర్వాత వదులు అన్న మాట హాల్లో వాడటం మానేసింది. నోటిదాకా వచ్చి ఆగిపోయేది, శిష్యులు బిక్కమొహాలు వేసుకుని చూసేవాళ్లు.

అమ్మ సంగతి వేరు. పిన్నిని చూడటానికి వార్డు గుమ్మం దాకా వెళ్లి, ఒక్క మాటా అనకుండా తిరిగొచ్చింది. ఆ తర్వాత దేన్ని పట్టుకున్నా వదల్లేకపోయింది. బస్సులో కమ్మీ పట్టుకుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయేది. టీ కప్పు చల్లారిపోయినా చేతిలోనే ఉండేది. కొత్త జోడీగా వచ్చిన అమ్మాయి వదులు, వదులు అని గొంతు చించుకుంటుంటే అమ్మ వేళ్లు తెల్లబడేదాకా బిగించి నిలబడుతోందని సూపర్‌వైజర్ నాకు కబురు పెట్టింది. అన్నేళ్లుగా వాటంతటవే తెరుచుకున్న వేళ్లకి ఇప్పుడు బుర్ర అడ్డం పడుతోంది.

ఒక రోజు వంటగదిలో అడిగేశాను. "అమ్మా, నాకొక్కదానికైనా నిజం చెప్పు. కావాలని వదిలావా?"

కాదు అంటుందని అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించింది.

"తెలీదే," అంది. "అది వాలినప్పుడు దాని మొహం పైకి తిరిగింది. ఇన్నాళ్లకి నిండుగా చూశాను. ఇంత పంతమా, నేనేం అబద్ధం చెప్పానని నీకు, అనిపించింది. ఒళ్లు మండింది. సరిగ్గా అప్పుడే ఆవిడ ఆ మాట అంది. వేళ్లు ఏది విన్నాయో నాకు తెలీదు."

ఎందుకు అడిగానా అనిపించింది.

మేడమ్ కార్యక్రమం మానేద్దామంది. లేకపోతే పిన్ని బదులు తన శిష్యురాలిని పెడదామంది. లేకపోతే ఆ వాలే ముక్క తీసేద్దామంది. కట్టు విప్పిన కొన్నాళ్లకి పిన్ని తనంతట తనే హాలు మెట్లెక్కి వచ్చింది. అమ్మ అక్కడే ఉంది, నేనూ ఉన్నాను. పిన్ని మేడమ్‌తోనే మాట్లాడింది.

"నా చోట ఇంకొకళ్లేంటి మేడమ్? నేను చచ్చానా?"

"సరేనమ్మా, మీరే చెయ్యండి. ఆ చివరి ముక్క మాత్రం తీసేస్తాను."

"తీస్తే నన్ను పడేసిందని మీరే చాటింపు వేసినట్టు. మా ఇంటి గొడవ మేం చూసుకుంటాం. నేను వాలతాను."

అమ్మ "వద్దు" అంది. గొంతు పైకి రాలేదు. పిన్ని వినపడనట్టే మెట్లు దిగి వెళ్లిపోయింది. అలా వాలడానికి డాక్టరు ఒప్పుకున్నాడా అని అడుగుతూ మేడమ్ వెనకాల పరిగెత్తింది.

కార్యక్రమం వరకూ మా ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ నన్ను ఎదురుగా నిలబెట్టి, మణికట్లు పట్టుకుని, "వాలు" అనేది. వంటగదిలో నేను ఫ్రిజ్ వైపుకి వాలేదాన్ని. నా తర్వాత నా మొగుడు వంతు. ఆయన అసలే ఘనమైన శరీరం. "అత్తయ్యగారూ, నాకు ఇన్సూరెన్స్ ఉంది గానీ ఫ్రిజ్‌కి లేదు" అని మొత్తుకుంటూ వాలేవాడు. అమ్మ ఎవర్నీ వదల్లేదు. మా చేతుల మీద వాతలు తేలాయి. అయినా ఆవిడకి నమ్మకం కుదర్లేదు. "మీరు నా మీద కోపమున్నవాళ్లు కారుగా" అనేది.

ఆ సాయంత్రం థియేటర్ నిండిపోయింది. ముందు వరసల్లో లాండ్రీ వాళ్లు, వార్డు నర్సులు. వాళ్ల వెనక ఖరీదైన బట్టల్లో డాన్సు తెలిసినవాళ్లు. ఇద్దరు తోడికోడళ్ల పోట్లాట చూద్దామని వచ్చిన మా వీధి జనం. పిల్లల డాన్సు మాస్టారు కూడా వచ్చి, ఎవరికీ కనపడకూడదని స్తంభం పక్క సీట్లో కూర్చున్నాడు. నా పక్కన ఎవరో తెలియని ఆవిడ, చెవులకి మెరిసే పోగులు.

ఇద్దరూ లాండ్రీ ఏప్రన్లలోనే వచ్చారు. దుప్పటి పట్టుకున్నారు, లాగారు, జాడించారు. ఆ జాడింపుకి ముందు వరస జుట్టు ఎగిరింది, ఎవరో నవ్వారు. తర్వాత దుప్పటి లేకుండా, మాటల్లేకుండా, ముందుకీ వెనక్కీ నడిచారు. నవ్వులు ఆగిపోయాయి. ఒక నర్సు కళ్లు తుడుచుకుంటోంది. రోజూ ఆ మడతలు విప్పి మంచం మీద పరిచేది ఆవిడే. నాకు మాత్రం ఏదీ తలకెక్కలేదు. ఎంత తొందరగా అయిపోతే అంత బాగుండునని కూర్చున్నాను.

చివరి ముక్క వచ్చింది. మణికట్లు పట్టుకున్నారు. విరిగి అతికిన చెయ్యే ముందు ఇచ్చింది పిన్ని. తెర పక్కన మేడమ్ రెండు చేతులతోనూ నోరు మూసుకుని నిలబడింది. పిన్ని వాలడం మొదలుపెట్టింది. అమ్మ చేతులు వణకడం నా సీట్లోంచి కనపడుతోంది. వణుకు మోచేతులకి పాకింది, భుజాలకి పాకింది. ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చూస్తే ఆ చెవిపోగుల ఆవిడ. ఆవిడకే తెలీదు పట్టుకున్నట్టు. మా వరసలో చాలామంది పక్కవాళ్లనో కుర్చీ చేతులనో అలాగే పట్టుకుని ఉన్నారు. పిన్ని తల వెనక్కి వాలింది. మొహం పైకి తిరిగింది. అమ్మ ఆ మొహంలోకే చూస్తోంది. రిహార్సల్లో ఎప్పుడూ అంతసేపు లేదు. ఇక లాగెయ్, అమ్మా, లాగెయ్ అని నేను లోపల్లోపల ఏడుస్తున్నాను.

అమ్మ లాగింది. పిన్ని లేచి నిలబడింది.

నేను వెనక గదికి పరిగెత్తేసరికి పిన్ని బల్ల మీద కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. నేను వచ్చానన్న సంగతి కూడా చూడకుండా అడిగేసింది.

"ఆ రోజు నేను కావాలనే వదిలాననుకున్నావా?"

పిన్ని సీసాకి మూత బిగించింది. "అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను."

నేను "పిన్నీ, అదేం కాదు" అని మధ్యలో దూరబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

"నాకే తెలీదే," అంది పిన్నితో. "కాదని చెబుదామని ఎన్నిసార్లో మీ గుమ్మం దాకా వచ్చాను. చెప్పలేకపోయాను."

"తెలుసు. ఊళ్లోవాళ్లంతా వచ్చి కావాలని చెయ్యలేదులే అని ఊదరగొట్టారు. నువ్వొక్కదానివే అనలేదు."

"మరి అలా అనుకుంటూనే ఎలా వాలావే? అంత బరువూ నా చేతుల్లో ఎలా పెట్టావు?"

పిన్ని ఆవిణ్ణి విసుగ్గా చూసింది, ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

"ఇంకెవరి చేతుల్లో పెట్టమంటావక్కా?"